ముందు సీటు

కిందటి వారం డ్రైవరమ్మను నాలుగు రోడ్ల కూడలిలో, ఎర్రదీపం ముందు వదిలి వచ్చాం. వెనక నిండు బస్సు. ఎదురుగా అద్దంలోంచి చూస్తే సొంత మొగుడూ, సొంత కూతురూ ఒకే సైకిలు మీద పోతూ కనిపించారు. బడి సెలవుల్లో తండ్రీకూతుళ్ళిద్దరూ కాలవగట్టు వెంట సైకిలు మీద సముద్రం దాకా వెళ్ళాలని ఆ ఇంట్లో కొన్ని నెలలుగా ఒకటే ముచ్చట. దానికి అలవాటు కావాలనే ఆ ఆదివారం పొద్దున అతను కూతురు గువ్వను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఊళ్ళో ఒక చుట్టు తిప్పడానికి బయల్దేరాడు. ఎడమ సందులోంచి పళ్ళ తోపుడుబండి ఒకటి వేగంగా రోడ్డు మీదికి దిగింది. అంత బండి అంత దగ్గరగా వచ్చి పడుతుంటే అతను తల కూడా తిప్పలేదు. అయిదేళ్ళ పిల్ల చెయ్యి చాపి ఏదో అరిచింది. అప్పుడు బ్రేకు పడింది. తోపుడుబండి సైకిలు ముందు చక్రాన్ని రాసుకుంటూ పోయింది. అంతలోనే పచ్చదీపం వెలిగింది. వెనక హారన్ల మోత. బస్సు కదలక తప్పలేదు.

అదీ జరిగింది. ఇక మిగతా డ్యూటీ ఎలా చేసిందో ఆమెకే తెలియాలి. ఒక స్టాపు దగ్గర ఆపకుండా దాటించేస్తే లోపల జనం గోల పెట్టారు. కండక్టరు కుర్రాడు పరుగెత్తుకొచ్చాడు.

“ఏంటక్కా, ఒంట్లో బాలేదా?”

“బానే ఉంది. ముసలాళ్ళెవరైనా ఉంటే ఇక్కడే దింపేస్తాను, చూడు.”

ఏళ్ళ తరబడి బస్సు నడిపిన మనిషి ఆమె. రోడ్డు దాటేవాడు చూసి దాటుతున్నాడా, చూడక దాటుతున్నాడా అన్నది వాడి మెడ చూసి చెప్పేస్తుంది. పరధ్యానంలో ఉన్నవాడైనా సరే, బండి మీదికొచ్చేసరికి మెడ బిగుసుకుంటుంది, భుజం ముడుచుకుంటుంది. తన మొగుడి మెడలో ఏ జంకూ లేదు. ఆ పక్కన లోకమే లేనట్టు వెళ్ళాడు. తాగుడు అలవాటు లేదు, పగటికలలు కనే మనిషి అంతకన్నా కాదు. మరెందుకని? ఆ ప్రశ్న స్టీరింగు మీద కూర్చున్న ఈగలా ఎంత తోలినా మళ్ళీ వచ్చి వాలుతూనే ఉంది.

డిపోలో బస్సు అప్పగించి, యూనిఫాం కూడా మార్చుకోకుండా ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి సగం గది దాకా పరుచుకుని ఉంది. రెండో అంతస్తులో రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కాలు పెట్టే చోటు లేదు. మంచం మీద వానకోట్లు, చిన్నదొకటీ పెద్దదొకటీ. నీళ్ళ సీసాలు, పంక్చరు సామాను, మడతపెట్టిన టార్పాలిన్, పిల్లకి మార్చే బట్టలు ఒక్కో సంచిలో ఒక్కో జత. గోడకి ఆనించి సైకిలు. హ్యాండిలుకీ అసలు సీటుకీ మధ్య రాడ్డు మీద బిగించిన చిన్న సీటు. దాని కింద పాదాలు పెట్టుకోవడానికి రెండు చెక్కముక్కలు, అంచులు అరిగేలా ఉప్పుకాగితంతో రుద్దినవి. అతను నేల మీద కూర్చుని సీటు బెల్టుకి ఇంకో కుట్టు వేస్తున్నాడు. గువ్వ హెల్మెట్ పెట్టుకుని మంచం పట్టె మీద ఎక్కి కూర్చుంది.

“అమ్మొచ్చింది!” అంది గువ్వ.

“అప్పుడేనా? ఆదివారం కూడా జనం బాగానే ఉన్నారా?” అన్నాడు అతను తలెత్తకుండా. ముందు చక్రం మీద తోపుడుబండి చేసిన గీత కొత్తగా, తెల్లగా కనిపిస్తోంది. ఆ గీత మాట అతను ఎత్తలేదు.

ఆమె చెప్పులు విప్పి, మంచినీళ్ళు తాగి, పిల్లను ఒళ్ళోకి లాక్కుంది.

“ఇవాళ ఊరంతా తిరిగొచ్చారటగా. ఎలా ఉంది మీ షికారు?”

“నేనే గెలిచాను,” అంది గువ్వ.

“గెలవడమేంటి? పందెం పెట్టుకున్నారా?”

“పందెం కాదమ్మా, ఆట. ఎడమ పక్క ఏదైనా వస్తే నేను ‘ఎడమ బండి’ అనాలి. కుడి పక్క వస్తే ‘కుడి మనిషి’ అనాలి. కుక్కొస్తే కుక్క అనాలి. ఎవరు ముందు చెప్తే వాళ్ళకి మార్కు. నాన్నకి ఎప్పుడూ రాదు. ఒక్క మార్కు కూడా రాదు.” పిల్ల మొహం వెలిగిపోతోంది. “ఇవాళ పళ్ళబండి నేనే చెప్పాను. నాన్న పూర్తిగా ఓడిపోయాడు.”

సూది పట్టుకున్న అతని చెయ్యి ఆగింది.

ఆమెకు ఒక్కసారిగా ఎన్నో గుర్తొచ్చాయి. సీటు వెనక పెట్టిద్దామని తను అంటే ముందే ఉండాలని అతను పట్టుబట్టడం. ఎప్పుడూ దేనికీ పట్టుబట్టని మనిషి ఆ ఒక్కదానికి అన్నం మానేసినంత పని చేశాడు. పెద్ద రోడ్డు మీద వెళితే దారిలో హోటళ్ళుంటాయి, డాక్టర్లుంటారు అంటే, వద్దు, కాలవగట్టే తిన్నగా ఉంటుంది, మలుపులు లేవు అన్నాడు. సాయంత్రం చల్లబడ్డాక తొక్కవచ్చుగా అంటే, ఎండైనా ఫరవాలేదు, పొద్దు వాలకముందే ఎక్కడో ఒకచోట దిగిపోవాలి అన్నాడు. పిల్లను చూసుకోవడంలో తనకన్నా మొగుడికే చాదస్తం ఎక్కువని డిపోలో అందరికీ చెప్పి నవ్వించింది. అదంతా పిల్ల కోసం కాదు.

“గువ్వా,” అంది మెల్లగా. “నీ కొత్త హెల్మెట్ కింద ఇంటి మామ్మగారికి చూపించావా?”

“లేదు.”

“వెళ్ళి చూపించి రా. ఆవిడ బాగుందో లేదో చెప్పేదాకా రాకు.”

పిల్ల మెట్లు దిగుతున్న చప్పుడు పూర్తిగా ఆగింది. ఆమె లేచి తలుపు దగ్గరగా వేసింది.

“ఆ కూడలిలో ఎర్రదీపం దగ్గర ఆగిన బస్సు నాది,” అంది.

అతను సూదిని జాగ్రత్తగా గుడ్డలో గుచ్చి పక్కన పెట్టాడు.

“చూశావా?”

“చూశాను. మీరు చూళ్ళేదని చూశాను.”

“ఏదో ఆలోచనలో...”

“వద్దు. అబద్ధమాడితే అతికినట్టుండాలి. అది మీకు చేతకాదు. ఆ స్టూలు మీద కూర్చోండి.”

అతను కూర్చున్నాడు. డిపోలో ఏటా డ్రైవర్లకు కంటి పరీక్ష జరుగుతుంది. నేరుగా గోడ కేసి చూడమని, పక్కనుంచి డాక్టరు వేళ్ళు చూపించి ఎన్ని అని అడుగుతాడు. ఆ పరీక్షకి ఇన్నిసార్లు కూర్చున్న ఆమె, మొదటిసారి ఇంకొకరి పక్కన నిలబడింది.

“ఎదురుగా ఆ సైకిలు బెల్లు చూస్తూ ఉండండి. తల తిప్పకండి.”

అతని చెవికి కాస్త ముందుగా, చెయ్యి చాపినంత దూరంలో, రెండు వేళ్ళు పెట్టింది.

“ఎన్ని?”

అతను బెల్లు కేసి చూస్తూనే ఉన్నాడు. “పెట్టావా?” అన్నాడు.

ఆమె చెయ్యి కొంచెం ముందుకు జరిపింది. అడిగింది. ఇంకొంచెం జరిపింది. మళ్ళీ అడిగింది. అతను దొంగిలించి దొరికిపోయిన పిల్లవాడిలా బుద్ధిగా కూర్చున్నాడంతే. చెయ్యి చెంప దాటింది, కంటి కొస దాటింది. ముక్కుకి దాదాపు ఎదురుగా వచ్చాక అతని పెదవి కదిలింది.

“రెండు.”

ఆమె అదే చేత్తో అతని చెంప మీద కొడుతుందేమో అన్నట్టుంది ఒక్క క్షణం. కొట్టలేదు. ఆ చెయ్యి ఏం చెయ్యాలో తెలియక తన మెడ మీదే పెట్టుకుంది.

“రెండో వైపూ ఇంతేనా?”

“ఇంతే.”

“ఎప్పట్నించి?”

అతను కరెంటు మీటర్లు చదివే మనిషి. వీధి వీధీ తిరిగి, పాత ఇళ్ళలో మెట్ల కింద, కొట్టుగదుల్లో, ఏ వెలుతురూ చొరబడని మూలల్లో గోడకి వేలాడే మీటర్ల ముందు నిలబడి అంకెలు రాసుకోవడం అతని పని. మొదట ఆ చీకటి గదులే చెప్పాయట. తోటివాళ్ళు గడప దాటగానే చకచకా నడిచిపోయే చోట తనకి గోడలే కనిపించేవి కావు. టార్చి పట్టుకుపోయేవాడు. టార్చి వెలిగిస్తే వెలుగు పడ్డంత మేర తప్ప మిగతాదంతా కాటుక పూసినట్టుండేది. తలుపులకి తల కొట్టుకుని బొప్పి కట్టిన ప్రతిసారీ ఇంటికొచ్చి ఏదో ఒక కథ చెప్పేవాడు. ఆమె బొప్పికి పసుపు రాస్తూ, ఊళ్ళో తలుపులన్నీ మీ మీదే పగబట్టాయా అని నవ్వేది.

“గువ్వ నడక నేర్చే రోజుల్లోనే అనుమానం వచ్చింది,” అన్నాడు. “కాళ్ళ దగ్గరికొచ్చి నిలబడితే తెలిసేది కాదు, తొక్కేస్తానేమోనని అడుగు ఈడ్చుకుంటూ నడిచేవాణ్ణి. నువ్వు అదేదో కొత్త ఫ్యాషనా అని వెక్కిరించావు కూడా. కిందటి వానాకాలంలో కంటి డాక్టరమ్మ దగ్గరికెళ్ళాను. చూపు అంచుల్నించి మూసుకుంటూ వస్తోందట. బావిలోంచి పైకి చూసినట్టుంటుంది నాకు. ఆ కనిపించే గుండ్రం కూడా చిన్నదవుతూ ఉంటుందట.”

“మందు?”

“మందు లేదన్నారు.”

“పూర్తిగా...?”

“ఎప్పుడో ఒకప్పుడు. ఎప్పుడన్నది వాళ్ళూ చెప్పలేరు.”

కింద ఎవరో కుళాయి తిప్పారు. గోడలోని గొట్టంలో నీళ్ళు పారిన చప్పుడు పైదాకా వచ్చి ఆగిపోయింది. ఆమె మంచం అంచు మీద, వానకోట్ల మధ్య, ఎవరింట్లోనో అతిథిలా కూర్చుంది.

“వానాకాలం వెళ్ళి, చలి వెళ్ళి, ఎండలొచ్చాయి,” అంది. “ఒకే మంచం, ఒకే కంచం. నాకెందుకు చెప్పలేదు?”

“చెబుదామనే ప్రతి రాత్రీ అనుకునేవాణ్ణి. పొద్దున్నే నువ్వు ఆ ఖాకీ చొక్కా వేసుకుంటుంటే నోరు పెగిలేది కాదు. నీ వెనక అంతమంది ప్రాణాలు నిన్ను నమ్ముకుని కూర్చుంటాయి. ఈ మాట నీ నెత్తిన పెట్టి స్టీరింగు ముందుకి ఎలా పంపను?”

అంతసేపూ అణచుకున్నది అప్పుడు పొంగింది ఆమెకి.

“నా నెత్తిన ఎందరి ప్రాణాలున్నాయో తెలిసిన మనిషి, ఆ పసిదాని నెత్తిన మీ ప్రాణం ఎలా పెట్టారండీ? నేను పెద్దదాన్ని. పరీక్ష రాసి, లైసెన్సు తీసుకుని ఆ సీట్లో కూర్చున్నాను. అదేం రాసింది? దానికి కుడీ ఎడమా నేర్పించింది మీరేనని మురిసిపోయాను. ఎందుకు నేర్పిస్తున్నారో తెలియని దద్దమ్మని. దానికి ఆవులింత వస్తే? దారిలో సీతాకోకచిలుక కనిపిస్తే? అయిదేళ్ళ పిల్ల ఒక్క లిప్త అటు చూస్తే, మీరిద్దరూ కాలవలో ఉంటారు. ఆ తర్వాత, బతికి బట్టకడితే, జీవితమంతా అదేమనుకుంటుంది? నేను చెప్పలేదు, అందుకే నాన్న పడిపోయాడు అనుకోదూ?”

అతను రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఏడుస్తున్నాడో లేదో తెలియలేదు. కాసేపటికి చేతుల లోపల్నుంచే మాట వచ్చింది.

“అంతవరకూ ఆలోచించలేదు.”

“ఏం ఆలోచించారు మరి?”

“సముద్రం గురించి.”

“సముద్రం మీరు చూడనిదా?”

“నేను చూశాను. చిన్నప్పుడే చూశాను. సముద్రం నాకొద్దు.” చేతులు తీశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చూడడానికి ఎప్పటి కళ్ళే. “అది మొట్టమొదటిసారి సముద్రాన్ని చూసినప్పుడు దాని మొహం ఎలా ఉంటుందో చూడాలి. ఆ గుండ్రంలో ఇంకా ఒక మొహం పడుతుంది. ఒక్క మొహం పట్టేంత చోటుంది. రైల్లో వెళ్ళచ్చు, నీ బస్సులోనే వెళ్ళచ్చు. కానీ అలా అయితే ఒక పూటలో అయిపోతుంది. తొక్కుకుంటూ వెళితే దారి పొడుగునా ‘ఇంకా ఎంత దూరం, ఇంకా ఎంత దూరం’ అని అడుగుతుంది. అడిగీ అడిగీ చివరికి చూస్తుంది. అప్పుడా మొహం వేరుగా ఉంటుంది.”

“ముందు సీట్లో కూర్చున్నదాని మొహం మీకెలా కనిపిస్తుంది? నడినెత్తి కనిపిస్తుంది.”

“అక్కడికెళ్ళాక దింపి, ఎదురుగా నిలబెట్టుకుందామని...”

“మీకు ఎదురుగా నిలబడితే దాని వీపు సముద్రం వైపు ఉంటుంది.”

అతను ఒక్క క్షణం ఆలోచించాడు. “నేనే ముందు నీళ్ళలోకి దిగి వెనక్కి తిరుగుతాను,” అన్నాడు ఎంతో సీరియస్‌గా.

ఆమెకు నవ్వు వచ్చింది. నవ్వే అనుకుంది. నోరు తెరిచాక అది ఏడుపై బయటపడింది. అతను స్టూలు మీంచి లేచి, మధ్యలో పడివున్న నీళ్ళ సీసాని కాలితో తన్నుకుని, తడుముకుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆ సీసా అక్కడున్నట్టు అతనికి కనిపించలేదని ఆమెకి ఇప్పుడు తెలుసు. ఇన్నాళ్ళూ ఇలాంటివి ఎన్ని జరిగాయో, ఎన్నిసార్లు ‘కళ్ళు నెత్తికెక్కాయా’ అని విసుక్కుందో లెక్కే లేదు. ఒక్కో విసురూ తిరిగొచ్చి ఇప్పుడు తన ఒంటికే తగులుతోంది.

తలుపు తోసుకుని గువ్వ వచ్చింది. హెల్మెట్ బాగుందని మామ్మగారు బిస్కెట్టు ఇచ్చిందట. ఇద్దరి మొహాలూ చూసి బిస్కెట్టు కొరకడం ఆపేసింది.

“ఇలా రా,” అంది తల్లి. “ఇవాళ్టితో ఆ ఆట అయిపోయింది. ఇంక ఆడద్దు.”

“నేను ఓడిపోయానా?”

“లేదమ్మా. నువ్వే గెలిచావు. అయిపోయింది.”

గువ్వ తండ్రి వైపు చూసింది, తల్లి వైపు చూసింది. బిస్కెట్టు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

“మరి నాన్నకి ఎవరు చెప్తారు?”

“ఏం చెప్పాలి?”

“నాన్నకి పక్కన కనపడదు కదా.”

గదిలో గాలి ఆగినట్టయింది. ఆమే అడిగింది.

“నీకెవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు. పక్కన నిలబడి నాలిక బయటపెడితే నాన్న తిట్టడు. ఎదురుగా పెడితే తిడతాడు.” ఇందులో తెలియకపోవడానికేముంది అన్నట్టు భుజాలెగరేసింది పిల్ల. “పాపం నాన్న ఆట అన్నాడు కదా అని ఆడాను.”

అతను కూతుర్ని దగ్గరికి లాక్కుని ఆ హెల్మెట్ మీద నుదురు ఆనించాడు. ఇన్నాళ్ళూ తను పిల్లను మభ్యపెడుతున్నాననుకున్నాడు. పిల్లే తనను మభ్యపెట్టింది. మనసు కష్టపెట్టడం ఎందుకని పెద్దవాళ్ళు పిల్లలకి చేసే పనే గువ్వ తనకి చేసింది.

“నాన్నా, గుచ్చుకుంటోంది,” అంది గువ్వ. “సముద్రానికి వెళ్ళమా మనం?”

అతను భార్య వైపు చూశాడు. నేరుగా చూశాడు. ఇక ఆమె దగ్గర దాచవలసిందేమీ లేనివాడిలా చూశాడు. ఆమె లేచి గోడ దగ్గరికి వెళ్ళి సైకిలు హ్యాండిలు మీద చెయ్యి వేసింది.

“హ్యాండిలు నేను పట్టుకుంటే మీరు వెనక కూర్చుంటారా?”

“నీ వెనకా?”

“ఏం, చిన్నతనమా? రోజూ ఊరు ఊరంతా నా వెనకే కూర్చుంటుంది. ఎవరికీ చిన్నతనం లేదు.”

“ఈ సైకిలు ముగ్గుర్ని మొయ్యదు.”

“మోసేది ఎక్కడో ఒకచోట ఉండకపోదు. ఇద్దరు తొక్కే సైకిళ్ళు లేవా? వెతుకుదాం. సెలవు నేనడుగుతాను. ఇవ్వకపోతే అప్పుడు చూద్దాం.” ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించింది. “అవన్నీ తర్వాత. ముందు ఆ డాక్టరు దగ్గరికి నేను రావాలి. ఆవిడేమందో ఆవిడ నోటితోనే వినాలి. మీరు చెప్పింది నమ్మను. ఇంకేదో దాచే ఉంటారు.”

“దాచలేదు,” అన్నాడు. “నిజంగా ఇంకేం లేదు.”

అతను ఆ మాట నిజమనుకునే అన్నాడు.

మర్నాడు పొద్దుటి డ్యూటీ ఇంకొకరికి మార్చుకుని, మధ్యాహ్నం డ్యూటీకని ఖాకీలోనే ఆమె భర్తతో కంటి ఆస్పత్రికి వెళ్ళింది. గువ్వను మామ్మగారి దగ్గర వదులుదామంటే ఆవిడ కూతురింటికి ప్రయాణమై ఉంది. చేసేదిలేక వెంటబెట్టుకు వెళ్ళారు. పొడుగాటి వరండా, గోడ వెంట బెంచీలు, బెంచీల నిండా కళ్ళలో చుక్కలు వేయించుకుని తలలు వెనక్కి వాల్చిన మనుషులు. వీళ్ళందరూ ఎందుకు పైకి చూస్తున్నారని గువ్వ కూడా తల వెనక్కి వాల్చి పైకప్పు చూసింది. అక్కడేమీ లేదని పెదవి విరిచింది.

డాక్టరమ్మ నడివయసు మనిషి. తొందర లేని గొంతు. భర్త చెప్పినవన్నీ నిజాలే. ఒక్కటీ ఎక్కువ చెప్పలేదు, ఒక్కటీ తక్కువ చెప్పలేదు. వాటినే ఇంకొకరి నోట విన్నప్పుడు ఆమెకి మళ్ళీ కొత్తగా తగిలాయి. అయినా కుర్చీలో నిటారుగా కూర్చుని అడగవలసినవన్నీ అడిగింది. పని చేసుకోగలడా, ఒంటరిగా రోడ్డు మీదికి పంపవచ్చా, ఇంట్లో ఏం మార్చుకోవాలి. సైకిలు ప్రయాణం మాట కూడా దాచకుండా చెప్పింది. హ్యాండిలు మీ చేతిలో ఉంటే నిక్షేపంగా వెళ్ళిరండి, ఆలస్యం మాత్రం చెయ్యకండి అంది డాక్టరమ్మ. ఆ చివరి మాట ఎందుకన్నదో ముగ్గురికీ తెలుసు.

“మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా?” డాక్టరమ్మ అతన్ని అడిగింది. “కిందటిసారి మీకు తెలియదన్నారు. ఎవర్నయినా అడిగారా?”

“అడగడానికి పెద్దవాళ్ళెవరూ లేరు మేడం.”

“మీ నాన్నగారు?”

“మా నాన్నకి చివరిదాకా చూపు బానే ఉండేది. పేపరు చదివేవాడు.” అతను కాస్త నవ్వాడు. “ఆయన తంటా కళ్ళు కాదు, కోపం. పొద్దు వాలితే గడప దాటేవాడు కాదు. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ రాత్రిపూట పిలిస్తే వెళ్ళేవాడు కాదు. ఎదురుపడిన వాళ్ళని పలకరించేవాడు కాదు, భుజం తగిలినా ఆగేవాడు కాదు. పొగరుబోతని చుట్టాలంతా రాకపోకలు మానేశారు. మా అమ్మ కూడా చివరిదాకా అదే అనేది, మనుషుల్ని లెక్కచెయ్యడని...”

మాట మధ్యలోనే ఆగింది. అతని మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, తీయడం మరిచిపోయినట్టు.

మోసుకున్న నింద మోసుకున్నట్టే వెళ్ళిపోయిన ఆ పొగరుబోతు ముసలాయన ఆ గదిలోకి నిదానంగా, గోడ పట్టుకుని నడిచి వచ్చినట్టనిపించింది ఆమెకి. పెళ్ళికి ముందే పోయిన మామగారిని ఆమె ఒకే ఒక్కసారి చూసింది, పెళ్ళి చూపులప్పుడు. సాయంత్రం దీపాలు పెట్టకముందు. గ్లాసు అందిస్తే తీసుకోలేదు. తనంటే ఇష్టం లేదేమోనని ఆ రాత్రంతా నిద్రపోలేదు.

“నాన్న...” అన్నాడు అతను.

డాక్టరమ్మ కుర్చీ ముందుకి జరుపుకుంది. ఇప్పుడు అతనితో కాదు, ఆమెతో మాట్లాడింది.

“అమ్మా, కంగారు పడకండి. నేను చెప్పేది ఉండచ్చు, ఉండకపోవచ్చు. కొన్ని ఇళ్ళలో ఇది ఒక తరంతో ఆగిపోతుంది. కొన్ని ఇళ్ళలో ఆగదు. తండ్రి నుంచి కొడుక్కి వచ్చిందంటే...” వాక్యం పూర్తి చెయ్యలేదు. “పాపకెన్నేళ్ళు?”

ఆమె అయిదు అని చెప్పిందో, చెప్పాననుకుందో.

“బయట ఉందా? ఒకసారి లోపలికి పిలవండి. నొప్పి పెట్టేదేం కాదు. చుక్కలు కూడా వెయ్యను.”

గువ్వ లోపలికి వచ్చింది. కొత్త చోటు కదా, తల్లి కొంగు దొరక్క యూనిఫాం జేబు పట్టుకుంది. డాక్టరమ్మ ఆమెను గది చివర, బీరువా పక్కన నిలబడమంది. పిల్లను తలుపు దగ్గర నిలబెట్టింది. మధ్యలో రెండు కుర్చీలు అడ్డంగా జరిపింది. బల్ల మీద మసక నీలి దీపం ఒకటి వెలిగించింది. కిటికీ తెరలు మూసింది. మామూలు చూపున్నవాళ్ళకి కాసేపటికి ఈ వెలుగు చాలు, తొందరేం లేదు, నిదానంగా అలవాటు పడనివ్వండి అంది.

“పాపా, నేను పెద్ద లైటు తీసేస్తాను. కాసేపు అలాగే నిలబడి, నేను చెప్పగానే కుర్చీలకి తగలకుండా అమ్మ దగ్గరికి వెళ్ళాలి. సరేనా?”

“సరే,” అంది గువ్వ హుషారుగా.

స్విచ్చి టిక్కుమంది.

మొదట అంతా నలుపే. ఆమె రెప్ప వెయ్యకుండా నిలబడింది. మెల్లమెల్లగా నీలి వెలుగు పరుచుకుంది. బల్ల అంచు తేలింది. తెల్లకోటు తేలింది. గోడకి ఆనుకుని కదలకుండా ఉన్న భర్త ఆకారం తేలింది. తర్వాత కుర్చీలు రెండూ, వాటి కాళ్ళతో సహా. ఆ వెనక గువ్వ గౌను, గువ్వ చేతులు, గువ్వ మొహం కూడా.

“ఇప్పుడు వెళ్ళు తల్లీ,” అంది డాక్టరమ్మ.

ఆమె రెండు చేతులూ చాచింది. పిల్ల తన వైపే తిరిగి ఉంది. కళ్ళు పెద్దవి చేసుకుని ఉంది. కాలు కదపలేదు.

“అమ్మా,” అంది గువ్వ, “నువ్వున్నావా?”